రిజిస్టరులో పుట్టిన ఊరు స్టూవర్టుపురం

గిరిజన గ్రామం అనగానే మన్యం, కొండవాలు, పోడు వ్యవసాయం, వానకు తడిసిన అడవి గుర్తుకొచ్చే తెలుగు పాఠకుడికి స్టూవర్టుపురం ఆ ఊహలో ఎక్కడా ఇమడదు. బాపట్ల జిల్లా బాపట్ల మండలంలో, విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గం మీద, బాపట్లకూ చీరాలకూ నడుమ ఉన్న ఈ ఊళ్లో కొండ లేదు, అడవి లేదు. ఇసుక పాలు ఎక్కువైన నేల, తాటిచెట్లు, సరుగుడు తోటలు, తూర్పున కొద్ది దూరంలోనే సముద్రం, మరో పక్క కృష్ణా పశ్చిమ డెల్టా వరిమళ్లు కనిపిస్తాయి. అయినా ఇది గిరిజన గ్రామమే, ఎందుకంటే ఇక్కడి జనంలో పెద్ద భాగమైన ఎరుకలవారు ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నవారు, కొండల్లో కాక పల్లెల మధ్యనే బతుకుతూ వచ్చారు కనుక మైదాన గిరిజనులు అనిపించుకునేవారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల పుట్టుక గురించి అడిగితే ఏదో ఒక గుడి, ఒక శాసనం, ఒక కైఫీయతు, లేకపోతే ఒక అగ్రహారం దానం కథ వినిపిస్తుంది. బాపట్ల పేరే భావనారాయణస్వామి గుడితో ముడిపడి ఉంది. స్టూవర్టుపురానికి అటువంటి స్థలపురాణం ఏదీ లేదు. అది మద్రాసు ప్రభుత్వపు దస్త్రాలలో పుట్టిన ఊరు. 1911లో ఒక చట్టం వచ్చింది, దాని కింద జనాన్ని తెచ్చి ఉంచడానికి ఒక చోటు కావలసివచ్చింది, 1913 ప్రాంతంలో ఆ చోటు ఏర్పడింది, దానికి ఒక అధికారి పేరు పెట్టారు. ఆ అధికారి సర్ హెరాల్డ్ స్టూవర్ట్, అప్పటి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు. అంతకు ముందు ఆయన మద్రాసు పోలీసు శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1904లో భారత ప్రభుత్వం నేర సమాచార శాఖను, అంటే నేటి ఇంటెలిజెన్స్ బ్యూరోకు మాతృక అనదగిన నిఘా విభాగాన్ని, ఏర్పాటు చేసినప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. దేశం మొత్తానికీ నిఘా పెద్దగా ఉన్న మనిషి పేరు, నిఘా కోసమే కట్టిన ఊరికి రావడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

ఎరుకలవారి పాత జీవనం తెలియకుండా ఈ ఊరు ఎందుకు కట్టవలసి వచ్చిందో అర్థం కాదు. ఎరుక అంటే తెలివిడి, జోస్యం. ఆడవాళ్లు సోదె చెబుతారు కనుక ఆ పేరు వచ్చిందని వాడుక. తమిళ దేశంలో కొరవర్, రాయలసీమలోనూ కన్నడ దేశంలోనూ కొరచ, మహారాష్ట్రలో కైకాడి అనే సమూహాలు వీరికి దగ్గరివి. ఇంట్లో మాట్లాడుకునే ఎరుకల భాషకు, దానినే కుర్రు భాష అని కూడా అంటారు, లిపి లేదు. ద్రావిడ భాషల్లో అది తమిళానికి దగ్గరగా ఉంటుంది. తిరుమల శ్రీనివాసుడు పద్మావతిని అడగడానికి ఎరుకలసాని వేషం కట్టుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్లాడన్న కథ తెలియని తెలుగువారు అరుదు; దేవుడికి అక్కరకొచ్చిన వేషం గలవారే తరవాత పోలీసు రిజిస్టరులోకి ఎక్కారు. ఏకలవ్యుణ్ణి ఎరుకలవారు తమ మూలపురుషుడిగా చెప్పుకుంటారు. ఆ ఎంపికలో ఉన్న వేదనను వివరించి చెప్పనక్కరలేదు.

వీరిలో చేసే పనిని బట్టి వేరువేరు శాఖలు ఉండేవి. దబ్బ ఎరుకలవారు వెదురు పనివారు. నిలువునా చీల్చిన వెదురు బొంగు నుంచి పలుచని బద్దలు తీసి, అవి విరగకుండా వంగేలా తడిపి, అడుగున కొన్ని బద్దలను చక్రపు ఆకుల మాదిరి ఒకదాని మీద ఒకటి పరిచి, వాటి సందుల్లోంచి సన్నని దబ్బలను పైకీ కిందకీ మార్చి మార్చి అల్లుకుంటూ పోతే గంప గోడ లేస్తుంది. చివర అంచును గట్టి బద్దతో చుట్టి బిగిస్తారు. పొలంలో పేడ మోసే తట్ట, ధాన్యం చెరిగే చేట, కోళ్లను మూసే గంప వీరి చేతి పనే. చేనేతవారు వీధిలో పడుగు చాచి గంజి పట్టించేటప్పుడు వాడే కుంచెలను కట్టేవారు మరికొందరు. చీరాల, జాండ్రపేట వంటి నేత ఊళ్లున్న ప్రాంతంలో ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. పందులు పెంచేవారు కొందరు, కరివేపాకు అమ్మేవారు కొందరు.

అన్నిటికన్నా పెద్ద వ్యాపారం ఉప్పుది. తీరాన ఉప్పు మడులు, ఇప్పటికీ చినగంజాం పేరు చెబితే గుర్తొచ్చేవి, పల్లపు సీమకు దక్కిన సంపద. ఎగువ సీమకు ఉప్పు లేదు, అక్కడ జొన్నలు, పప్పులు, అడవి సరుకులు ఉన్నాయి. గాడిదల మీదా ఎద్దుల మీదా పెరికెలు, అంటే పశువు వీపుకు రెండు పక్కలా వేలాడే గోతాలు, వేసుకుని కుటుంబాలకు కుటుంబాలే తీరం నుంచి లోపలికి నడిచి వెళ్లి, బండి దారి లేని పల్లెల్లో కుంచాలతో ఉప్పు కొలిచి ఇచ్చి బదులుగా ధాన్యం తీసుకుని, ఆ ధాన్యాన్ని మరో చోట మార్చుకుంటూ తిరిగి వచ్చేవారు. ఈ సంచారంలో ఒక క్రమం ఉంది, దారులున్నాయి, ఏ నెలలో ఏ ఊరన్నది ముందే తెలిసి ఉంటుంది. దిమ్మరితనం అని ప్రభుత్వం పేరుపెట్టినది నిజానికి సరుకు రవాణా.

ఆ రవాణా ఒక్క దెబ్బకు పోలేదు. 1805లోనే ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టుకుంది. ఉప్పు ధర పెరిగింది, చిన్న వ్యాపారి చేతికి అందే సరుకు తగ్గింది. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో రోడ్లు, రైళ్లు వచ్చి గాడిద నెల రోజులు మోసే బరువును పెట్టెల్లో వేసి రోజుల్లో దింపేశాయి. బెజవాడ, మద్రాసు మధ్య తీరం వెంబడి రైలు మార్గం 1899 నాటికి పూర్తయింది. 1876 నుంచి 1878 దాకా నడిచిన మహాక్షామంలో మార్పిడికి ధాన్యమూ లేదు, మోయడానికి పశువులూ మిగలలేదు. ఆపైన 1882 నాటి మద్రాసు అడవుల చట్టం వెదురు కొట్టుకోవడాన్నీ, పశువుల మేతనూ అనుమతి అవసరమైన పనులుగా మార్చింది. ఎరుకలవారి మీదా, స్టూవర్టుపురం మీదా నిలకడగా పరిశోధన చేసిన చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో చూపినది ముఖ్యంగా ఈ వరుసనే: బతుకుతెరువు పోయినవారు తిరుగుతూనే ఉంటే, ఆ తిరగడం అనుమానంగా మారి, అనుమానం నేరంగా నమోదయింది. వీరిలో దొంగతనాలు చేసినవారు లేరని ఎవరూ అనలేదు, అననక్కరలేదు. కొందరు చేసినదాన్ని పుట్టుకకు అంటగట్టడమే ఇక్కడి అసలు విషయం.

ఆ అంటగట్టడానికి చట్టం దొరికింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదిలో అమలయింది. 1911లో దాన్ని మార్చి రాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఫలానా తెగ నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే చాలు, గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించడానికి వీలులేదు. ఆపైన ఆ తెగవారి పేర్లు, వేలిముద్రలు రిజిస్టరుకు ఎక్కుతాయి. రిజిస్టరుకెక్కిన మనిషి నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలి, ఇల్లు మారినా ఊరు దాటినా చెప్పాలి. సెటిల్‌మెంటులో, అంటే ప్రభుత్వం చూపిన ఆవాసంలో, ఉండమంటే అక్కడే ఉండాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడులలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. శిక్షల్లోనూ వీరికి వేరే కొలత: జాబితాలో పేర్కొన్న నేరాలకు రెండోసారి శిక్షపడితే ఏడేళ్లు, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరం. దొంగతనం చేయబోతున్నట్టు అనిపించే పరిస్థితుల్లో దొరికినా జైలే. ఒక మనిషి ఏం చేశాడన్నది కాక ఏ ఇంట పుట్టాడన్నది సాక్ష్యంగా నిలిచే న్యాయం ఇది. దీన్ని రాసినవారు మాత్రం ఇక్కడి కులవృత్తుల తీరును గమనించే రాశామని భావించారు.

జనాన్ని ఒకచోట ఉంచితే వారిని చూసుకునేవారు కావాలి. ఆ బాధ్యత తీసుకున్నది సాల్వేషన్ ఆర్మీ, తెలుగులో రక్షణ సైన్యం అని పిలిచే క్రైస్తవ సంస్థ. విలియం బూత్ లండన్ పేదల మధ్య 1865లో మొదలుపెట్టిన ఈ సంస్థ పాస్టర్లకు కెప్టెన్, మేజర్, కమిషనర్ అనే హోదాలూ, యూనిఫారాలూ, బ్యాండు మేళాలూ పెట్టుకున్నది. దీన్ని 1882లో భారతదేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్ అంతకుముందు పంజాబులో ఐసీఎస్ ఉద్యోగి. ఉద్యోగం వదిలి, కాషాయ బట్టలు కట్టి, చెప్పుల్లేకుండా నడుస్తూ ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్న విచిత్రమైన మనిషి. బూత్ కూతుర్ని పెళ్లాడి బూత్ టక్కర్ అయ్యాక, 1908లో గోరఖ్‌పూర్‌లో డోములనే తెగవారి కోసం తొలి ఆవాసాన్ని నడిపి, అక్కడి నుంచి ఈ పనిని దేశమంతటికీ విస్తరింపజేశారు. స్టూవర్టుపురం ఆ వరుసలోనిదే. గుంటూరు వైపు సీతానగరం, నెల్లూరు వైపు కావలి, కప్పరాళ్లతిప్ప కూడా ఆ కాలపు సెటిల్‌మెంట్లే.

ఈ నమూనా మూలం మాత్రం లండన్‌లో ఉంది. నగరంలో పనిలేని పేదలను పొలాల మీదికి తెచ్చి, క్రమశిక్షణతో సేద్యం నేర్పి, కొత్త మనుషులను చేయాలన్న ప్రణాళికను బూత్ 1890లో పుస్తకంగా రాసి, 1891లో ఎసెక్స్‌లోని హ్యాడ్లీ దగ్గర వ్యవసాయ కాలనీ పెట్టాడు. హ్యాడ్లీకి వచ్చినవాడు నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. స్టూవర్టుపురానికి వచ్చినవాడు సెలవు చీటీ లేకుండా పొలిమేర దాటితే నేరస్థుడు. ప్రణాళిక ఒక్కటే, కానీ ఓడెక్కి వచ్చేసరికి దానికి కంచె మొలిచింది.

సెటిల్‌మెంటులో రోజు హాజరుతో మొదలై హాజరుతో ముగిసేది. బడి పెట్టారు, ప్రార్థన మందిరం కట్టారు, కుటుంబాలకు సేద్యానికి భూమి చూపారు. తరతరాలుగా నడిచి వ్యాపారం చేసినవారికి, నీటి వసతి చాలని ఇసుక నేల ఇచ్చి రైతులు కమ్మనడంలోని ఇబ్బంది త్వరలోనే బయటపడింది. భూమి పోషించలేకపోయిన చోట కూలి ముందుకొచ్చింది. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, జనం నోట ఐఎల్‌టీడీ, గుంటూరు సీమలో వర్జీనియా పొగాకును విస్తరింపజేస్తూ చీరాలలో పెద్ద ఫ్యాక్టరీ నడిపింది. ఆకు విడదీసి, గ్రేడు చేసి, ఆరబెట్టి, బేళ్లు కట్టే ఆ పనికి సెటిల్‌మెంటు జనం వెళ్లారు. చట్టం కదలనివ్వని జనం, పక్క ఊళ్లో చేతుల కోసం చూస్తున్న ఫ్యాక్టరీ, మధ్యలో క్రమశిక్షణ నేర్పుతున్న సంస్థ: ఈ మూడూ ఒకదానికొకటి ఎంత అనుకూలమో మీనా రాధాకృష్ణ గట్టిగానే ఎత్తిచూపారు. సంస్థ పక్షాన చెప్పవలసిన మాటా ఒకటుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఎరుకల పిల్లలను గడప దాటనివ్వని రోజుల్లో ఆ బడి వారికి అక్షరాలు నేర్పింది. ఊళ్లో నేటికీ కనిపించే క్రైస్తవమూ చదువూ రెండూ అక్కడి నుంచి వచ్చినవే. షెడ్యూల్డు తెగ హోదాకు మతంతో సంబంధం లేదు కనుక, క్రైస్తవులైన ఎరుకలవారు గిరిజనులుగానే ఉన్నారు.

ఇక్కడ పక్క ఊరి చరిత్రను ఒకసారి తలుచుకోవాలి. 1921లో చీరాల, పేరాల ప్రజలు తమ మీద రుద్దిన మునిసిపాలిటీని, దానితో వచ్చిన పన్నులను ఒప్పుకోక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని పదకొండు నెలలు గడిపారు. పదిహేను వేల జనాభాలో అత్యధికులు కదిలిపోయిన ఆ ఘట్టాన్ని తెలుగువారు నేటికీ సగర్వంగా చెప్పుకుంటారు. సరిగ్గా అదే ఏడాది, పది కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో, ఒక ఊరి జనానికి సాయంత్రం హాజరుకు లేకపోతే శిక్ష. సర్కారు గీసిన హద్దు దాటడం ఒకచోట సత్యాగ్రహం అయింది, మరోచోట రెండో శిక్షో మూడో శిక్షో అని లెక్కకొచ్చింది. జాతీయోద్యమ చరిత్రలు మొదటి ఊరికి ఇచ్చినన్ని పేజీలలో రెండో ఊరికి ఒక వాక్యమైనా ఇవ్వలేదన్నది గమనించదగినది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని తీసివేసింది. దేశమంతటి సంగతి తేల్చడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు మన అనంతశయనం అయ్యంగార్, తరవాత లోక్‌సభ స్పీకరు అయినవారే. 1952 ఆగస్టు 31న చట్టం దేశం మొత్తం మీదా రద్దయింది. ఆ జాబితాల నుంచి బయటపడిన తెగలను అప్పటి నుంచి విముక్త జాతులు అంటున్నారు. అయితే పాత చట్టం పోయే వేళకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి: మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. ఇవి తెగను కాక వ్యక్తిని లెక్కలోకి తీసుకుంటాయి, కాగితం మీద అది నిజంగా పెద్ద తేడా. స్టేషన్లలో మాత్రం పాత రిజిస్టర్లూ, పాత అనుమానాలూ వాటి దారిన కొనసాగాయి. తెలుగులో తిట్టుగా, ఒక్కోసారి ముద్దుగా కూడా వాడే కేడీ అన్న మాట, పాత నేరస్థుణ్ణి సూచించే ఇంగ్లీషు పోలీసు సంకేతాక్షరాల నుంచే పుట్టిందంటారు. ఠాణా అల్మరాలోని మాట ఇంటి భాషలోకి ఎంత సులువుగా వస్తుందో చెప్పడానికి ఇదొకటి చాలు.

1970ల నడుమ ఊళ్లోకి మరో రకం సంస్కర్తలు వచ్చారు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కుమారుడు లవణం, ఆయన భార్య, మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలత లవణం, నేరస్థుల సంస్కరణను తమ పనిగా ఎంచుకున్నారు. వినోబా భావే ఆంధ్రలో భూదాన యాత్ర చేసినప్పుడు ఆయన మాటలను తెలుగులో చెప్పిన లవణానికి, 1960లో వినోబా ముందూ 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందూ చంబల్ బందిపోట్లు లొంగిపోయిన ఉదంతాలు ఆదర్శం. ఇళ్లకు వెళ్లి కూర్చోవడం, జైళ్లలో ఉన్నవారిని కలవడం, కేసుల నుంచి బయటపడి బతుకుతెరువు వెతుక్కునేవారి తరఫున పోలీసులతోనూ ప్రభుత్వంతోనూ మాట్లాడటం, పిల్లల చదువు చూడటం వారి పద్ధతి. తరవాత సంస్కార్ అన్న సంస్థ ద్వారా ఆ పని సాగింది. అరవై ఏళ్ల కిందట దేవుని సైన్యం వచ్చిన ఊరికి ఇప్పుడు నాస్తికులు వచ్చారన్నది వింతగా అనిపించవచ్చు. పద్ధతిలో తేడా మరీ పెద్దది: వీరి దగ్గర హాజరు పట్టీ లేదు.

ఇంత జరిగినా బయట వినిపించే పేరు వేరు. మద్రాసు జైలు నుంచి తప్పించుకుని టైగర్ అనిపించుకుని, 1980లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నాగేశ్వరరావు కథ ఊరి కథగా చెలామణి అయింది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది. 2023లో రవితేజతో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. రెండో సినిమా తమ ఊరినీ కులాన్నీ కించపరిచేలా ఉందంటూ అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. దొంగను నాయకుణ్ణి చేసిన సినిమా ఊరికి మేలే కదా అన్నవారున్నారు; ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు జేబు తడుముకునే చోట ఉద్యోగం, అద్దె ఇల్లు, పెళ్లి సంబంధం అడగవలసినవారికి ఆ మేలు కనిపించదు.

వార్తల్లో అంతగా నలగని మరో సంగతి బరువులెత్తడం. ఈ ఊరివాడైన రాగాల వెంకట రాహుల్ 2014లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజతం, 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. స్నాచ్‌లో, అంటే బార్‌ను నేల నుంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తే పద్ధతిలో, 151 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా తెచ్చి ఆపైన తలమీదికి నెట్టే పద్ధతిలో, 187 కిలోలు, మొత్తం 338. హకీంపేట క్రీడా పాఠశాలలో తర్ఫీదు పొందిన ఈ కుర్రాడి వెనుక ఆట తెలిసిన తండ్రి, ఆట తెలిసిన ఇల్లు ఉన్నాయి.

2022 ఏప్రిల్ 4న గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు ఊరి చిరునామా మారింది. అంతకన్నా లోతైన మార్పుకు దారితీయగల తీర్పు 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టులో వెలువడింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం, విముక్త జాతులవారిని పుట్టుకతోనే అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను జైలు మాన్యువళ్లలో ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి, మూడు నెలల్లో వాటిని సవరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఖైదీల రిజిస్టర్లలో కులం రాసే గడిని కొట్టివేయాలని కూడా అందులో ఉంది.